టేకు సైకిల్‌కి 18 వేలు అడుగుతున్నాడు, పెట్టొచ్చా?

హన్మకొండ_పెడల్
మా ఇంటి తలుపులు, కిటికీలు చేసిన వడ్లాయన ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. అప్పటి నుంచి నాకు టేకుతో సైకిల్ చేసిస్తానని వెంటపడుతున్నాడు. ఇంటి పనిలో మిగిలిన చెక్క నా దగ్గరే ఉంది కాబట్టి కట్టె ఖర్చు లేదు. చేతిపని, చక్రాలు, చైను, బ్రేకులు అన్నీ కలిపి 18 వేలు అంటున్నాడు. ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, హ్యాండిల్ మూడూ కట్టెవేనట. నేను రోజూ సుబేదారి నుంచి కాజీపేట పోయి రావాలి, మధ్యలో బ్రిడ్జి ఎక్కి దిగాలి. నా బరువు 84 కిలోలు. ఆయన పనితనం మీద అనుమానం లేదు. మా అన్న ఇంట్లో ఆయన చేసిన తలుపులు ఎంత వాన పడినా బిగుసుకోవు. కానీ తలుపు మీద ఎక్కి ఎవరూ కాజీపేట పోరు కదా. కట్టె సైకిల్ నిజంగా తొక్కినవాళ్లు, చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాజీపేట_జంక్షన్
18 వేలకి మంచి గేర్ల సైకిలే వస్తుంది. దానికి టేకు రంగు స్టిక్కర్ కొట్టించు. వడ్లాయనకి చాయ్ తాగించి పంపు.

పాత_డబుల్‌రాడ్
చెదలు పడితే వారంటీ ఉంటుందా?

కాజీపేట_జంక్షన్
చెదలు ముందు వారంటీ కార్డునే తింటాయి.

మెకానికల్_మాస్టారు
నవ్వులాట అలా ఉంచితే, అసలు సైకిల్ పుట్టిందే కట్టెతో. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ వాన్ డ్రైస్ నడిపిన బండికి పెడళ్లు లేవు, చైను లేదు. రెండు కట్టె చక్రాలు, వాటి మధ్య ఒక దూలం. దాని మీద కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. బరువు సుమారు 22 కిలోలు. మన డబుల్‌రాడ్ బండ్లు ఇప్పటికీ దాదాపు అంతే ఉన్నాయి. తర్వాత 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు తగిలించారు. ఫ్రేము ఇనుముకు మారింది కానీ చక్రాలు మాత్రం కట్టెవే, వాటి మీద ఇనుప పట్టా. డన్‌లప్ 1888లో గాలి టైరు తెచ్చాకే తొక్కేవాళ్ల నడుములు బతికాయి.

మీ ప్రశ్నకు వస్తాను. ఉక్కు టేకు కంటే సుమారు 12 రెట్లు బరువు. వంగకుండా నిలిచే గుణంలో 16, 17 రెట్లు ఎక్కువ. అంటే కిలోకి కిలో లెక్క చూస్తే టేకు మరీ వెనకబడిందేమీ కాదు. గొట్టం లావుగా, లోపల డొల్లగా చేస్తే ఫ్రేము నిలుస్తుంది. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో రెనోవో అనే కంపెనీ 2007లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి అలాంటి డొల్ల కట్టె ఫ్రేములే అమ్మింది.

చిక్కు అంతా అతుకుల దగ్గర. చెక్కకి బలం పోగు వెంట, అంటే దాని నార పోయే దిశలో ఉంటుంది. పోగుకి అడ్డంగా లాగితే అందులో పదో వంతు కూడా ఉండదు. సైకిల్‌లో బలం దిశ మారే చోట్లు మూడు: హ్యాండిల్ మెడ, పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ, వెనక చక్రం బిగించే చీలిక. అక్కడ నేరుగా చెక్కలోకి నట్టు బిగిస్తే ఇవాళ కాకపోతే వచ్చే ఎండాకాలం చీలుతుంది. ఆ మూడు చోట్లా లోహపు ముక్కలు దించాలి. ఫోర్కు మాత్రం కట్టెది అస్సలు వద్దు. ఫ్రేము చిట్లితే కిర్రుమంటుంది, దిగి చూసుకోవచ్చు. ఫోర్కు విరిగితే ముందు నేలను పలకరించేది మన పళ్లే.

వడ్లోళ్ల_పిలగాడు
మాస్టారు, మీ లెక్కలు బాగున్నాయి కానీ కట్టెని మరీ తక్కువ చేశారు. మా తాత బండి గీరలు చేసేవాడు. నల్లతుమ్మ చెక్క. మధ్యలో కుండ, దాంట్లో దిగిన ఆకులు (కట్టె స్పోకులు), చుట్టూ పూటీలు (అంచు చెక్కలు). ఒక్క మేకు ఉండదు, జిగురు ఉండదు. ఇనుప పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రం మీద దించి, వెంటనే నీళ్లు పోస్తే అది ముడుచుకుని అన్ని అతుకులనీ ఒక్కటిగా బిగించేది. అలాంటి బండ్ల మీదే మా ఊరోళ్లు మేడారం పోయి వచ్చేవారు, రాళ్ల బాటలో, వాగుల్లో. పది బస్తాల వడ్లు వేసినా కుయ్యి అనేది కాదు. 84 కిలోల మనిషి ఒక లెక్కా?

పాత_డబుల్‌రాడ్
మేడారం పోయినప్పుడు గీర విరిగి వాగులో రాత్రంతా కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు తమ్మీ. మా నాయనని అడుగు.

మెకానికల్_మాస్టారు
@వడ్లోళ్ల_పిలగాడు మీ తాత పనికి దండం పెట్టాల్సిందే. కానీ మీరు చెప్పిన దాంట్లోనే నా మాట ఉంది. ఆ చక్రాన్ని పట్టి ఉంచింది ఇనుప పట్టాయే కదా. బండి గీరలో బరువు కింద ఉన్న ఆకు మీద నిలబడుతుంది. ఆ ఆకు నొక్కుడికి తట్టుకుంటే చాలు, కట్టె ఆ పని బాగా చేస్తుంది. సైకిల్ స్పోకు సన్న తీగ, నొక్కితే వంగిపోతుంది. అందుకే అన్ని స్పోకులనీ ముందే లాగి బిగిస్తారు. బరువు పడినప్పుడు కింది స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది, అంతే. ఒకటి నొక్కుడు మీద బతికే చక్రం, రెండోది లాగుడు మీద బతికేది. బండి గీరని సన్నగా చెక్కితే సైకిల్ చక్రం కాదు. రిమ్ము సంగతి వేరు. రేసు సైకిళ్లకి ఒకప్పుడు కట్టె రిమ్ములు మామూలే. ఇటలీలో బీచ్ చెక్కతో ఇప్పటికీ చేస్తున్నారు. స్పోకులు మాత్రం ఉక్కువే.

వడ్లోళ్ల_పిలగాడు
చక్రాలు కట్టెతో చేయమని నేను అనలేదు సార్, ఫ్రేము సంగతి చెప్పాను. ఇంగ్లండ్‌లో ఒకాయన ఒక్క మేకు, ఒక్క ఇనుప ముక్క లేకుండా కట్టె, జిగురు రెండింటితోనే మొత్తం సైకిల్ చేశాడు. చైనుకి బదులు కట్టె పళ్ల చక్రాలు. 2011లో రికార్డు కూడా కొట్టాడు. స్ప్లింటర్‌బైక్ అని వెతకండి.

కాజీపేట_జంక్షన్
వెతికాను. రికార్డు స్పీడు గంటకు 18 కిలోమీటర్లు. మా కాలనీలో పాలాయన క్యాన్లు తగిలించుకుని అంతకంటే జోరుగా పోతాడు.

నిర్మల్_పొనికి
టేకు ఎందుకు బరువు? మా నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్కతో చేయించండి. తేలిక, ఉలి పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. పైన రంగులు వేసి రెండు పక్షులు కూర్చోబెడితే షోకేసులో పెట్టుకోవచ్చు. తొక్కితే మాత్రం మా ఊరి పూచీ లేదు.

గుట్టల_సైక్లిస్టు
తేలికే కావాలంటే రామప్ప గుడి గోపురం ఇటుక ఉంది కదా, నీళ్లలో తేలుతుంది. దాంతో ఫ్రేము కట్టించుకుంటే వడ్డేపల్లి చెరువు మీదుగా అడ్డంగా కాజీపేట పోవచ్చు.

పాత_డబుల్‌రాడ్
యునెస్కో వాళ్లు కేసు పెడతారు.

ఏటూరునాగారం_కంక
అందరూ టేకు చుట్టూనే తిరుగుతున్నారు. వెదురు ఎవరికీ గుర్తు రాలేదా? దేవుడు గొట్టం చేసి చేతికిచ్చాడు, మనం చెక్కని తొలిచి గొట్టం చేయడం ఎందుకు? నేను ఒకటి చేశాను, రెండు వానాకాలాలు చూసింది. ఎలా చేశానో రాస్తున్నా, కావలసినవాళ్లు వాడుకోండి.

మన అడవుల్లో ఎక్కువగా దొరికేది సాధన వెదురు. లాఠీలకీ నిచ్చెనలకీ వాడేది అదే. లోపల బెజ్జం చాలా తక్కువ, కొన్ని కర్రలు దాదాపు గట్టిగానే ఉంటాయి. వెనక చక్రం పక్కన వచ్చే సన్న కర్రలకి అది సరిగ్గా సరిపోతుంది. పైన అడ్డ రాడ్డుకి, కింది పెద్ద రాడ్డుకి మాత్రం లావుగా, డొల్లగా ఉండే ముళ్ల వెదురు మేలు. లేకపోతే బండి బరువెక్కుతుంది. మూడేళ్లు దాటిన కర్రే తీసుకోవాలి. లేత కర్ర ఆరాక ముడతలు పడి చెడిపోతుంది. వానలు పోయి చలి ముదిరాక కొడితే దాంట్లో పిండి తక్కువగా ఉంటుంది. పుప్పి పురుగు తినేది ఆ పిండినే.

కొట్టాక కణుపుల దగ్గర లోపలి అడ్డుపొరలకి సన్న ఇనుప చువ్వతో బెజ్జాలు పొడవాలి. బోరిక్ పౌడర్ 2 పాళ్లు, బోరాక్స్ 3 పాళ్లు కలిపి, 100 లీటర్ల నీళ్లకి రెండూ కలిసి 5 కిలోలు వచ్చేలా కరిగించి, అందులో నానబెట్టాలి. తర్వాత నీడలో ఆరాలి. ఎండలో పెడితే రాత్రికి రాత్రే టప్పుమని పగులుతుంది. ఈ ఆరబెట్టడానికే నెలలు పడుతుంది, అందరూ తొందరపడి చెడగొట్టేది ఇక్కడే.

అతుకులకి గోగునార. తడి ఎపాక్సీ జిగురులో ముంచి, కర్రల మూల చుట్టూ గట్టిగా చుట్టి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టాలి. ట్యూబు నొక్కడంతో లోపలి గాలి బుడగలు, మిగులు జిగురు బయటికొస్తాయి. ఆరాక ఆకురాయితో గీకి మళ్లీ ఒక పొర. బీబీ గొట్టం, మెడ గొట్టం, వెనక చీలికలు మాత్రం పాత సైకిల్ నుంచి కోసి తెచ్చినవే. మాస్టారు చెప్పిన మూడు చోట్లు అవే.

హన్మకొండ_పెడల్
ఇదేదో బాగుంది. నాకో సందేహం. వెదురు అమావాస్య నాడు కొట్టాలంటారు, నిజమేనా?

ఏటూరునాగారం_కంక
మా దగ్గరి మేదరులు చీకటి రోజుల్లోనే కొడతారు. వెన్నెల రోజుల్లో కొట్టిన దానికి పురుగు తొందరగా పడుతుందంటారు. నేనూ అలాగే కొట్టాను.

మెకానికల్_మాస్టారు
రుతువు మాట ఒప్పుకుంటాను, దానికి కారణం మీరే చెప్పారు. చంద్రుడి మాట ఒప్పుకోను. బోరాక్స్‌లో నానబెట్టిన కర్రకి పౌర్ణమైతే ఏమిటి, అమావాస్య అయితే ఏమిటి?

ఏటూరునాగారం_కంక
మేదరులకి బోరాక్స్ లేనప్పటి నుంచి ఉన్న పద్ధతి సార్ అది. వాళ్ల గంపలు మీ ఇంట్లో ఎన్నేళ్లు నిలిచాయో ఒకసారి చూడండి.

మెకానికల్_మాస్టారు
మా ఇంట్లో గంపలు నిలిచింది పొయ్యి మీద అటక పుణ్యం. పొగకి పురుగు పట్టదు.

పుణెలో_ఓరుగల్లోడు
ఇక్కడ మా ఆఫీసులో ఒకతని దగ్గర వెదురు సైకిల్ ఉంది, అడిగి తీసుకుని తొక్కుతుంటాను. అల్యూమినియం బండి మీద రోడ్డు మీద ఉన్న ప్రతి గులకా చేతికి తెలుస్తుంది. దీని మీద ఆ జుమ్ముమనే అదురు సగం ఫ్రేములోనే చచ్చిపోతుంది. గుంటలో పడితే మాత్రం గుంటే, అందులో ఏ మహత్యమూ లేదు. జోరుగా నిలబడి తొక్కితే బీబీ దగ్గర కొంచెం పక్కకి ఊగినట్టు అనిపిస్తుంది. రోజూ ఆఫీసుకి పోయేవాళ్లకి అది పట్టింపు కాదు.

ఇది కొత్త ముచ్చటేమీ కాదు కూడా. 1890లలోనే ఇంగ్లండ్‌లో వెదురు సైకిళ్లు అమ్మారు. ఉక్కు గొట్టాలు చవకయ్యాక అవి మూలపడ్డాయి. మళ్లీ 1990లలో కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ అనే ఫ్రేముల తయారీదారు మొదలుపెట్టాడు. తన కుక్క వెదురు ముక్కని ఎంత కొరికినా విరగ్గొట్టలేకపోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందట. తర్వాత ఆయన ఘనాలో ఊరివాళ్లకి ఈ పని నేర్పించాడు. ఘనా, జాంబియా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాలో ఈ బండ్లు తయారయ్యాయి. 2022లో ఇండోనేషియా అధ్యక్షుడు, ఆస్ట్రేలియా ప్రధాని కలిసి తొక్కింది కూడా వెదురు సైకిళ్లే.

కాజీపేట_జంక్షన్
కుక్కతో పరీక్ష చేయించాలంటే మా వీధికి తీసుకురండి. ఫ్రేమేం ఖర్మ, తొక్కేవాడి పిక్క బలం కూడా తేలుతుంది.

మంచిర్యాల_అక్క
మీరందరూ రాడ్డు ఉన్న సైకిల్ గురించే మాట్లాడుతున్నారు. చీర, చుడీదార్ కట్టుకునేవాళ్లకి అడ్డ రాడ్డు లేనిది కావాలి. అది కట్టెతోనో వెదురుతోనో వస్తుందా?

మెకానికల్_మాస్టారు
మంచి ప్రశ్న అక్క. అడ్డ రాడ్డు ఉంటే ఫ్రేములో ఒక త్రికోణం ఏర్పడుతుంది. త్రికోణంలో కర్రలు చాలావరకు నొక్కుడికి, లాగుడికే లోనవుతాయి. వంపు తక్కువ. అది తీసేస్తే వంపు మొత్తం కింది రాడ్డు మీద, సీటు కర్ర మొదట్లో పడుతుంది. వెదురైతే కిందకి వాలిన జంట కర్రలు వేసి, మధ్యలో రెండు మూడు చోట్ల కలిపి చుట్టాలి. నిజానికి చెక్కతో ఇది ఇంకా సులువు. పలచటి చెక్క పొరలని అచ్చులో వంచి, ఒకదాని మీద ఒకటి అతికిస్తే ముందు మెడ నుంచి వెనక దాకా ఒకే వంపు తిరిగిన దూలం వస్తుంది, మధ్యలో అతుకే ఉండదు. మీ ఊరి వడ్రంగి కుర్చీ వీపు వంచగలిగితే ఇదీ వంచగలడు. పొరలన్నింటికీ పోగు పొడుగు దిశలోనే ఉండాలి. షాపులో దొరికే ప్లైవుడ్‌లో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం ఉంటాయి. తలుపుకి అది మంచిదే, ఇక్కడ సగం పొరలు ఊరికే బరువు మోస్తాయి.

వడ్లోళ్ల_పిలగాడు
దీంతో మాత్రం ఏకీభవిస్తాను. 2020 లాక్‌డౌన్‌లో పంజాబ్‌లో జీరక్‌పూర్‌కి చెందిన ఒక వడ్రంగి చేసిన కట్టె సైకిల్ వార్తల్లోకి వచ్చింది, చాలామంది ఆర్డర్లు కూడా ఇచ్చారు. మనోళ్లు కూడా చేయగలరు. అడిగేవాడు లేక తలుపులు చేస్తున్నారు.

సిర్పూర్_కాగితం
కట్టె, వెదురు అయ్యాయి. వాటిని గుజ్జు చేస్తే వచ్చే దాని సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇజ్రాయెల్‌లో ఇజార్ గాఫ్ని అనే ఆయన 2012లో అట్టతో సైకిల్ చేసి చూపించాడు. అట్టని మడిచి మడిచి అతికించి, నీళ్లు తగలకుండా పూత పూశాడు. బండి బరువు 9 కిలోలు, 220 కిలోల మనిషిని మోస్తుందన్నాడు. ముడిసరుకు ఖర్చు 9 నుంచి 12 డాలర్లే అన్నాడు. మా కాగజ్‌నగర్ వాళ్లం అప్పట్లో చాలా ఆశపడ్డాం.

పాత_డబుల్‌రాడ్
మరి ఏమైంది?

సిర్పూర్_కాగితం
ఫొటోలు బాగా వచ్చాయి. బండి మాత్రం బజారులోకి రాలేదు.

పుణెలో_ఓరుగల్లోడు
ఒకటి చేసి చూపించడం వేరు, వెయ్యి చేసి అమ్మడం వేరు. స్వీడన్‌లో 1982లో ఇటెరా అని మొత్తం ప్లాస్టిక్ సైకిల్ తెచ్చారు. వెనక ఉన్నది వోల్వోలో పనిచేసిన ఇంజనీర్లు, కొత్తవాళ్లేం కాదు. తుప్పు పట్టదని చెప్పారు, నిజంగానే పట్టలేదు. కానీ తొక్కుతుంటే ఫ్రేము మెత్తగా ఊగేది, చలికి ముక్కలు విరిగేవి. 1985కల్లా మూసేశారు.

గుట్టల_సైక్లిస్టు
వీటన్నిటికంటే నాకు నచ్చింది కాంగోలో గోమా ఊరి చుకుడు. దానికి పెడళ్లు లేవు, సీటు లేదు. మొద్దు కట్టెతో చేసిన పెద్ద స్కూటర్. దాని మీద ఆలుగడ్డ బస్తాలు, బొగ్గు బస్తాలు వందల కిలోలు వేసి, ఎక్కుడులో తోసుకుంటూ, దిగుడులో ఒక మోకాలు ఆనించి జారుకుంటూ పోతారు. ఊరి నడిబొడ్డున దానికి విగ్రహం కూడా కట్టారు. మన బేరింగుల బండికి పెద్దన్న అన్నమాట.

పాత_డబుల్‌రాడ్
బేరింగుల బండి! లారీ మెకానిక్ దగ్గర అరిగిపోయిన బేరింగులు అడుక్కుని, పలకకి కట్టి, ఖిల్లా దిగుడులో వదిలేవాళ్లం. చప్పుడుకి ముసలోళ్లు రాళ్లు పట్టుకుని బయటికొచ్చేవారు. బ్రేకు అంటే చెప్పులే. నెలకో జత అరిగేది, ఇంట్లో కారణం చెప్పలేక చచ్చేవాళ్లం.

మంచిర్యాల_అక్క
ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలకి ఆ చుకుడు పనికొస్తుంది చూడండి.

కెమికల్_కరీంనగర్
ఎపాక్సీ గురించి ఎవరూ చెప్పని ఒక మాట. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 డిగ్రీలు. ఎండలో నిలబెట్టిన నల్ల రంగు ఫ్రేము చేత్తో ముట్టుకోలేం. వెదురుకేమీ కాదు, అతుకు సడలుతుంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ గట్టిగానే కనిపిస్తుంది, అందుకే కారణం ఎవరికీ అంతుపట్టదు. వేడికి తట్టుకునే రకం ఎపాక్సీ అడిగి కొనండి. ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో డబ్బా మీద రాసి ఉంటుంది, లేదంటే డేటా షీటు ఇమ్మనండి. రెండోది, అతుకులకి తెలుపో లేత రంగో వేయండి. ఎండకి జిగురు పసుపెక్కి పెళుసు కాకుండా పైన యూవీ ఆపే వార్నిష్ తప్పనిసరి.

ఏటూరునాగారం_కంక
ఇది నాకు తెలియదు. నావి నల్ల అతుకులే. ఇవాళే బండి లోపల పెడతా.

ములుగు_రేంజ్
కట్టె తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. 2017లో అటవీ చట్టం మార్చి, అడవి బయట పెరిగిన వెదురుని చెట్ల లెక్కలోంచి తీసేశారు. పట్టా భూమిలో పెంచిన వెదురు కొట్టడానికి, తేవడానికి ఆ చట్టం కింద అనుమతి అక్కర్లేదు. అడవిలోంచి కొట్టుకొస్తామంటే మాత్రం కుదరదు. టేకు సంగతి అలా కాదు, సొంత చేనులో పెరిగినా కొట్టడానికి, తరలించడానికి కాగితాలు కావాలి. ఇంటి పనికి కొన్న టేకు బిల్లు పారేయకండి.

కాజీపేట_జంక్షన్
చెక్‌పోస్టు దగ్గర సైకిల్ ఆపి 'ఈ దుంగ ఎక్కడిది' అంటే చూపించడానికి.

హన్మకొండ_పెడల్
ఇదంతా చదివి వడ్లాయనతో మాట్లాడాను. ఫోర్కు ఇనుపది వేయమంటే ముఖం మాడ్చుకున్నాడు. 'ఇనుము పెట్టేదానికి నేనెందుకు, సైకిల్ షాపుకే పొమ్మను' అన్నాడు. మాస్టారు చెప్పిన మూడు చోట్ల సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే లోపలికి పోయి, రోకలికి చివర వేసే ఇనుప పొన్ను తెచ్చి చూపించాడు. 'ఇట్లా అంటున్నావా?' అన్నాడు. అవునన్నాను. అయితే సరే అన్నాడు. ఇప్పుడు ఒప్పందం ఇది: ఫోర్కు, మెడ, బీబీ, వెనక చీలికలు పాత సైకిల్‌వి. ఫ్రేము పొరలు అతికిన టేకు, లోపల డొల్ల. హ్యాండిల్ టేకుదే చేస్తానని మొండికేశాడు.

వడ్లోళ్ల_పిలగాడు
పొన్ను చూపించాడా! ఆయన చేతికి పని అప్పజెప్పొచ్చు అన్నా.

మెకానికల్_మాస్టారు
హ్యాండిల్ కూడా ప్రాణం మీదకి వచ్చేదే. బ్రిడ్జి దిగుడులో బ్రేకు గట్టిగా పట్టినప్పుడు మన ఒంటి బరువు సగం చేతుల మీదే పడుతుంది. చెక్కదే కావాలంటే లోపల ఉక్కు గొట్టం పెట్టి, పైన టేకు తొడుగు వేయమనండి. చూపుకి టేకే ఉంటుంది. ఆయన పంతమూ నెగ్గుతుంది.

ఇంకోటి, రోడ్డు మీదకి తెచ్చే ముందు పరీక్ష. సీటు మీద, పెడళ్ల మీద కలిపి 50 కిలోల బియ్యం బస్తాలు రెండు, మూడు వేసి ఒక పగలంతా వదిలేయండి. మర్నాడు మెడ దగ్గర, బీబీ దగ్గర రూపాయి బిళ్లతో తట్టండి. అంతటా ఒకే చప్పుడు రావాలి. ఒకచోట మొద్దుబారిన చప్పుడు వస్తే లోపల పొర విడిపోయినట్టే. మొదటి నెల కాలనీ లోపలే తొక్కండి. తర్వాత ప్రతి వానాకాలం ముందు, తర్వాత ఇదే తట్టుడు.

కాజీపేట_జంక్షన్
పరీక్ష అయ్యాక బియ్యం నాకు ఇవ్వండి, నేను వచ్చి మొద్దు చప్పుడు వింటా.

మంచిర్యాల_అక్క
బెల్లు పెంబర్తి ఇత్తడిది పెట్టించు తమ్ముడూ. టేకుకి ఆ ప్లాస్టిక్ బెల్లు ఏం బాగుంటుంది.

హన్మకొండ_పెడల్
పెట్టిస్తా అక్కా. ధర కూడా 14 వేలకి దిగాడు, పాత సైకిల్ నేనే తెచ్చిస్తే. పాత ఇనుప సామాన్ల అంగడిలో ఒక తుప్పు పట్టిన ఫ్రేము చూశాను, ఫోర్కు తిన్నగానే ఉంది. బీబీ గొట్టం ఎలా కోయించాలి? వెల్డింగ్ షాపువాడు గ్యాసుతో కోసిస్తానంటున్నాడు.

ఏటూరునాగారం_కంక
గ్యాసు వద్దు, గొట్టం ఒంకర పోతుంది, లోపలి మరలు చెడతాయి, బేరింగు కూర్చునే కప్పు ఎక్కదు. హాక్సాతో కోయించు. గొట్టానికి అతుక్కుని ఉన్న రాడ్ల ముక్కలు మొత్తం కోసేయకు, అంగుళం చొప్పున మొండేలు వదిలేయమను. చెక్కలోకి దిగేది అవే. కోసే ముందు కప్పులు బిగించి తిప్పి చూడు, మర బాగుందో లేదో తెలుస్తుంది. తర్వాత పెయింటు, తుప్పు మొత్తం పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీకు. నూనె చేయి తగలనివ్వకు. జిగురు పెయింటుని పట్టుకుంటే లాభం లేదు, పెయింటు ఊడినరోజు బీబీ కూడా దాంతోనే వస్తుంది.

కెమికల్_కరీంనగర్
గీకాక ఒకసారి థిన్నర్‌తో తుడిచి, అదే రోజు అతికించాలి. రాత్రి దాకా ఆగితే వానాకాలంలో మళ్లీ సన్న తుప్పు పొర వచ్చేస్తుంది.